చెప్పకుండా వెళ్లిన రాత్రి

తిరుపతి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 39, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. సొంతూరు రాయచోటి దగ్గర ఒక పల్లె. ఆమెకు మూడేళ్లున్నప్పుడు, 1989లో, బోర్లు ఎండిపోయి చీనీ తోట కొట్టేయాల్సి వచ్చింది. నాయన చేసిన అప్పులు తీర్చడానికి అమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది. ఆ రాత్రి పాపను అవ్వ పక్కన పడుకోబెట్టి, నిద్రపోయాక బయల్దేరింది. "పొద్దున లేచి అమ్మ ఏదంటే అంగడికి పోయింది, వస్తుందిలే అన్నారు. వాకిట్లో ఎన్నాళ్లు కూర్చున్నానో నాకే తెలీదు" అని రాశారు.

మరుసటి ఏడాది ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అక్కడ చిక్కుకున్న దాదాపు 1,70,000 మంది భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చినప్పుడు, అమ్మ కూడా అమ్మాన్, బొంబాయి మీదుగా ఒక్క సంచితో ఇల్లు చేరింది. ఊరంతా చూడటానికి వచ్చింది. నాలుగేళ్ల ఈ పాప మాత్రం అవ్వ కొంగు వెనక దాక్కుంది. మెల్లమెల్లగా మళ్లీ అమ్మ దగ్గర పడుకోవడం అలవాటైంది. యుద్ధం ముగిశాక, 1991 చివర్లో, అమ్మ మళ్లీ వెళ్లిపోయింది. ఈసారి కూడా రాత్రే. ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి నెల రోజుల సెలవు, పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు, మధ్యమధ్యలో గొంతు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు. అమ్మ పూర్తిగా తిరిగొచ్చేసరికి ఈమెకు పదహారేళ్లు. అవ్వ పోయి అప్పటికి ఆరు నెలలు.

ఇప్పుడు ఆమెకు తొమ్మిదో తరగతి చదివే పద్నాలుగేళ్ల కొడుకు, నాలుగేళ్ల పాప ఉన్నారు. భర్త సెల్‌ఫోన్ల దుకాణం కరోనా సమయంలో మూతపడింది. అప్పు పదకొండు లక్షలు. నాయన పోయాక అమ్మ రెండేళ్లుగా వీళ్ల దగ్గరే ఉంటోంది. ఆమెకు 62. ఇలాంటి సమయంలో ఈ సోదరికి రెండేళ్ల కాంట్రాక్టుతో ఒక ఉద్యోగం వచ్చింది. అదీ కువైట్‌లోనే. మూడు నెలల్లో చేరాలి, మొదట్లో కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేదని ఏజెంటు చెప్పాడు. "పాపను నేను చూసుకుంటాలే, నువ్వు పో" అని అమ్మ అన్నది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. పాప ఏడుస్తూ కాళ్లను చుట్టుకుంటే ఎక్కడలేని కోపం వస్తోంది. మొన్న చెంపమీద కొట్టారు కూడా. మనిషి స్వభావం ఐదేళ్లలోపే ఖాయమైపోతుందని ఏదో వీడియోలో విన్నారట. ఆమె అడిగినవి మూడు. అది నిజమేనా? నాకు జరిగింది నా బిడ్డకూ అంటుకుంటుందా? నేను వెళ్లొచ్చా?

*

మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసి దాటేసిన వాక్యం ఒకటుంది. "నైట్ డ్యూటీ ఉన్నరోజు పాప నిద్రపోయాకే బయల్దేరతాను, అది ఏడిస్తే చూడలేను." నేను అక్కడే ఆగిపోయాను. మీ అమ్మ కూడా బహుశా ఇదే కారణంతో రాత్రిపూట బయల్దేరి ఉంటుంది. మీ ఏడుపు వింటూ గడప దాటే గుండె ఆమెకు లేకపోయి ఉంటుంది. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. మీ ఉత్తరంలో చిక్కుముడులు చాలా ఉన్నాయి. ఈ ఒక్క పోగు పట్టుకుంటే అవి విడతాయని నాకు అనిపించింది.

ముందు ఆ ఐదేళ్ల మాట చూద్దాం. అది గాలివార్త కాదు, దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇల్లూవాకిలీ పోగొట్టుకున్న పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మానసిక వైద్యుడితో ఒక నివేదిక రాయించింది. 1951లో వచ్చిన ఆ నివేదికలో, చిన్నతనంలో తల్లికి, లేదా తల్లిలా చూసుకునే మనిషికి దూరమైతే ఆ దెబ్బ పెద్దయ్యాక కూడా ఉండిపోవచ్చని ఆయన గట్టిగా చెప్పాడు. ఆయన సొంత కథ కూడా మీరు వినాలి. బౌల్బీని పెంచింది ఒక ఆయా. తల్లి రోజుకు కాసేపు మాత్రమే కనిపించేది. ఆయనకు నాలుగేళ్లు నిండే సమయంలో ఆ ఆయా పని మానేసి వెళ్లిపోయింది. తల్లిని పోగొట్టుకున్నంత బాధ అనుభవించానని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. మీరు వాకిట్లో కూర్చున్న వయసు కూడా దాదాపు అదే.

బౌల్బీతో కలిసి పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ లండన్ ఆసుపత్రుల్లో చిన్నపిల్లలను దగ్గరగా గమనించాడు. అప్పట్లో అక్కడ పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను వారానికి ఒకసారి రానిస్తే గొప్ప. మొదట పిల్లలు ఏడ్చి గొడవ చేసేవాళ్లు. కొన్నాళ్లకు నీరసించి ముడుచుకుపోయేవాళ్లు. ఆ తర్వాత బుద్ధిగా ఆడుకునేవాళ్లు. "అలవాటు పడిపోయాడు" అని సిస్టర్లు సంతోషించేవాళ్లు. తీరా తల్లి వస్తే మాత్రం బిడ్డ మొహం తిప్పుకునేవాడు. నర్సుగా మీకు ఇది వెంటనే తెలుస్తుంది. ఈ రోజు మీ ఆసుపత్రిలో పిల్లాడి మంచం పక్కన తల్లి పడుకోగలుగుతోందంటే, దాని వెనక ఇలా మొహం తిప్పుకున్న పిల్లలున్నారు.

1990లో మీరు అవ్వ కొంగు వెనక దాక్కున్నప్పుడు బంధువులు మిమ్మల్ని "రాతిగుండె పిల్ల" అన్నారని రాశారు. ముప్పై ఐదేళ్లుగా ఆ పేరు మోస్తున్నారు. దాన్ని ఇక దించేయండి. ఆ వయసులో అమ్మ మీద బాగా ప్రేమున్న బిడ్డ, నమ్మకం దెబ్బతిన్నప్పుడు చేసే పనే మీరు చేశారు. దాక్కోవడమంటే ప్రేమ లేకపోవడం కాదు. ఇంకోసారి పోగొట్టుకోలేనని చెప్పడానికి నాలుగేళ్ల పిల్లకు వేరే దారి ఏముంటుంది? పాపం, ఆ ఇంకోసారి కూడా వచ్చింది.

అయితే కథ బౌల్బీతో ఆగిపోలేదు. మీరు చూసిన వీడియో బహుశా అక్కడే ఆగి ఉంటుంది. 1972లో మైకేల్ రట్టర్ అనే మరో వైద్యుడు ఈ విషయాన్నంతా మళ్లీ తవ్వి చూశాడు. ఎవరితోనూ అనుబంధమే ఏర్పడకపోవడం ఒకటి, ఏర్పడిన అనుబంధం మధ్యలో తెగడం ఇంకొకటి, రెండింటినీ ఒకే గాటన కట్టొద్దన్నాడు. దూరమయ్యాక బిడ్డ ఎవరి చేతుల్లో ఉంది, ఆ ఇంట్లో గొడవలున్నాయా, తర్వాత ఏం జరిగింది, ఇవన్నీ చూడకుండా ఫలితం చెప్పలేమన్నాడు.

మొదటి రకం ఎంత ఘోరంగా ఉంటుందో రుమేనియాలో తెలిసింది. 1989 డిసెంబరులో అక్కడ చౌషెస్కు ప్రభుత్వం కూలాక, అనాథాశ్రమాల్లో వేలమంది పిల్లలు బయటపడ్డారు. వాళ్లకు తిండి, పక్క అరకొరగానైనా ఉన్నాయి. మాది అనుకునే మనిషి మాత్రం లేదు. షిఫ్టు మారితే చేతులు మారేవి. తర్వాత బుకారెస్టులో జరిగిన అధ్యయనంలో, రెండేళ్లలోపే మంచి కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు ఆ తర్వాత వెళ్లినవాళ్లకంటే బాగా తేరుకున్నారు. కాబట్టి తొలి ఏళ్లు ముఖ్యం కాదని నేను చెప్పను. చాలా ముఖ్యం. కానీ మీ ఉత్తరంలో ఆ తొలి ఏళ్ల నిండా ఒక మనిషి ఉంది, చూశారా? సద్దన్నం ముద్దలు చేసి చేతిలో పెట్టిన అవ్వ. జ్వరమొస్తే భుజాన వేసుకుని రాయచోటి దాకా నడిచిన అవ్వ. అమ్మ గురించి మీరు రెండు పేజీలు రాశారు, అవ్వ గురించి ఆరు లైన్లు. ఆ ఆరు లైన్లే నాకు ధైర్యమిచ్చాయి.

పసిఫిక్ సముద్రంలో హవాయి దీవుల్లో కవాయి అని ఒకటి. చెరకు తోటల్లో కూలిపని చేసే కుటుంబాలు చాలా ఉండేవి. 1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం నలభై ఏళ్లు వచ్చేదాకా చూస్తూ వచ్చింది. సుమారు మూడో వంతు మంది పేదరికం, తాగుడు, ఇంట్లో గొడవలు, కాన్పులో ఇబ్బందులు, ఇలాంటివి ఒకటికి నాలుగు కలిసిన ఇళ్లలో పుట్టారు. వాళ్లు చెడిపోతారనే ఎవరైనా అనుకుంటారు. కానీ అందులో కూడా మూడో వంతు మంది నిబ్బరమైన, ప్రేమగల మనుషులుగా ఎదిగారు. వాళ్లలో పదేపదే కనిపించింది ఏమిటంటే, తల్లిదండ్రులు కాకపోయినా వాళ్లను మనసారా దగ్గరకు తీసుకున్న ఒక్క మనిషి. ఎక్కువసార్లు తాతో, నాయనమ్మో, అమ్మమ్మో, లేకపోతే ఒక టీచరో.

నాకు ఇంకా విలువైనదిగా కనిపించేది ఆ అధ్యయనం రెండో సగం. మిగతా పిల్లల్లో పదిహేను పదహారేళ్లకు దారి తప్పినవాళ్లు చాలామంది ముప్పై, నలభై ఏళ్లు వచ్చేసరికి కుదుటపడ్డారు. ఒకరికి మంచి పెళ్లి, ఒకరికి ఆగిపోయిన చదువు మళ్లీ మొదలవడం, ఒకరికి సైన్యంలో ఉద్యోగం, ఒకరికి గుడిలాంటి ఒక ఆసరా. తలుపు ఐదేళ్లకే మూసుకుపోయి ఉంటే వీళ్లు ఎక్కడినుంచి లోపలికి వచ్చినట్టు? మీ జీవితంలో కూడా ఇలాంటి తలుపులు కనిపిస్తున్నాయి. నర్సింగ్ స్కూల్లో రూమ్మేట్‌తో ఇప్పటికీ ప్రతి ఆదివారం మాట్లాడతానన్నారు. మీ ఆయన అప్పుల్లో ఉన్నా ఒక్కరోజు నామీద గొంతు పెంచలేదన్నారు. ఇవి కూడా మిమ్మల్ని తయారు చేసిన చేతులే. ఇంకో మాట చెబితే కోపం తెచ్చుకోకండి. ఆ నర్సింగ్ స్కూలు ఫీజు అమ్మ కువైట్‌లో అంట్లు తోమి పంపిన డబ్బని మీరే రాశారు. మీ నుంచి తీసుకున్నదీ, మీకు ఇచ్చిందీ ఒకే చేయి కావడం వల్లనే మీకు ఆమెను పూర్తిగా కోప్పడడం చేతకాలేదు, పూర్తిగా దగ్గరకు తీసుకోవడమూ చేతకాలేదు.

మీ రెండో ప్రశ్న, బిడ్డకు అంటుకుంటుందా అని. చెంపదెబ్బ గురించి రాసినచోట మీ అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. అమెరికాలో సెల్మా ఫ్రైబర్గ్ అనే ఆమె పసిబిడ్డల తల్లులతో ఏళ్ల తరబడి పనిచేసి 1975లో ఒక విషయం రాసింది. కష్టమైన బాల్యం గడిపిన తల్లులందరూ దాన్ని బిడ్డల మీద తిరిగి ప్రయోగించరు. జరిగిన సంగతి గుర్తుండి, అప్పటి బాధ మాత్రం గుర్తులేని తల్లులే ఎక్కువగా ఆ దారిలో పడతారు. ఆ బాధ గుర్తొచ్చి, దానికోసం ఏడవగలిగిన తల్లి తన బిడ్డ ఏడుపును కూడా వినగలుగుతుంది. తర్వాత కాలిఫోర్నియాలో మేరీ మెయిన్ చేసిన పరిశోధన కూడా ఇటే చూపిస్తుంది. బాల్యం ఎలా గడిచిందన్న దానికన్నా, ఆ బాల్యం గురించి తల్లి ఎలా మాట్లాడుతుందన్నది బిడ్డతో ఆమె అనుబంధానికి దగ్గరగా ఉంటుంది. కష్టాన్ని దాచకుండా, అందులోనే మునిగిపోకుండా, మంచీచెడూ రెండూ కలిపి చెప్పగలిగితే చాలు.

మీ పాప కాళ్లకు చుట్టుకుని ఏడ్చినప్పుడు మీకు వచ్చే కోపం పాప మీద కాదని నాకనిపిస్తోంది. మీరు అలా ఏడ్చే అవకాశమే దొరకలేదు. చుట్టుకోవడానికి కాళ్లు కూడా అక్కడ లేవు. పాప ఏడుస్తుంటే ఆ వాకిట్లో కూర్చున్న పిల్ల లేచి వస్తుంది, ఆమెను ఎలా ఊరుకోబెట్టాలో మీకు తెలియక చేయి లేస్తుంది. కొట్టడం సరికాదని మీకు నేను చెప్పక్కర్లేదు. కొట్టిన తర్వాత ఏం చేశారన్నది మాత్రం అడుగుతాను. దగ్గరకు తీసుకుని "అమ్మ తప్పు చేసింది, నువ్వు ఏడవడం తప్పు కాదు" అన్నారా? అనకపోతే ఇప్పుడైనా అనండి. వారం ఆలస్యమైనా పరవాలేదు, పిల్లలు ఆ మాట తీసుకుంటారు. చేయి లేవడం మళ్లీ మళ్లీ జరుగుతున్నా, నిద్ర ఇలాగే లేకపోయినా 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నర్సులు తమ బీపీ తాము చూసుకోరని మనకు తెలిసిందే. ఇది కూడా అలాగే వదిలేయకండి.

మీ బాబు గురించి కొంచెమే రాశారు. "వాడూ నాలాగే, నోరు తెరవడు. నా నైట్ డ్యూటీల వల్లే అలా అయ్యాడు" అన్నారు. అంత తొందరగా నేరం ఒప్పుకోకండి. 1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే దంపతులు 133 మంది పిల్లలను పసితనం నుంచి గమనించడం మొదలుపెట్టారు. వాళ్లలో సుమారు 15 శాతం మంది కొత్తదేదైనా వస్తే వెనక్కి తగ్గి, నింపాదిగా దగ్గరయ్యే రకం. ఎవరూ వాళ్లను అలా చేయలేదు, అలాగే పుట్టారు. కవల పిల్లల మీద జరిగిన అధ్యయనాలు కూడా మనుషుల స్వభావాల్లో తేడాలకు 40 నుంచి 50 శాతం దాకా పుట్టుక కారణమని చెబుతాయి. మీ బాబు నెమ్మదస్తుడై ఉండొచ్చు, మీ నాయనలా. నెమ్మదితనం లోపం కాదు. ఇల్లు దానికి చోటిస్తోందా లేదా అన్నదే థామస్, చెస్ చివరికి తేల్చింది. పైగా పద్నాలుగేళ్లు. ఆవేశాన్ని పట్టి ఆపే మెదడు భాగం ఇరవై ఐదు దాకా ముదురుతూనే ఉంటుంది. వాడు ఎదురుగా కూర్చోబెడితే మాట్లాడకపోవచ్చు, బండి వెనక కూర్చుంటే మాట్లాడతాడేమో చూడండి. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇంట్లో అప్పుల గొడవ, మీ ప్రయాణం మాట వాడి చెవిన పడే ఉంటుంది. వాడిని అడగకుండా ఏ నిర్ణయమూ చేయకండి.

ఇక వెళ్లాలా వద్దా. నేను "వెళ్లండి" అనను, "వద్దు" అనను. కానీ ఏ దారిలో ఏముందో చూపిస్తాను.

ఆగిపోతే పాపకు అమ్మ ఉంటుంది, నిజమే. కానీ అప్పు కూడా ఉంటుంది. 1930ల ఆర్థిక మాంద్యంలో పెరిగిన కాలిఫోర్నియా పిల్లల మీద గ్లెన్ ఎల్డర్ చేసిన అధ్యయనం ఒకటుంది. డబ్బు పోవడం పిల్లలను నేరుగా తాకదు, తల్లిదండ్రుల చిరాకు, తగాదాల ద్వారా తాకుతుంది. అప్పటికే పదేళ్లు దాటినవాళ్లు ఇంటి బాధ్యతలు పంచుకుని కొంత గట్టిపడ్డారు. చిన్నవయసులో ఉన్నవాళ్లు, ముఖ్యంగా మగపిల్లలు, ఎక్కువ దెబ్బతిన్నారు. కాబట్టి "నేను వెళ్లకపోతే బిడ్డకు ఏమీ కాదు" అనుకుని ఆగిపోయి, తర్వాత ప్రతి వడ్డీ తేదీకి ఇల్లు రణరంగం చేసుకుంటే లాభం లేదు. ఆగాలనుకుంటే అప్పును బ్యాంకులో వాయిదాలుగా మార్చుకోవడం, మీ ఆయన ఏదో ఒక జీతానికి కుదురుకోవడం, ఇవి కూడా ఆ నిర్ణయంలో భాగం కావాలి. ముఖ్యంగా, "నీకోసం ఆగిపోయాను" అన్న మాట ఏనాడూ పాప చెవిన పడకూడదు.

వెళ్తే రెండేళ్లు. మీకు రెండేళ్లు చిన్నవే, మీ పాపకు అది తను బతికిన జీవితంలో సగం. ఆ వయసులో "ఏడాది" అనే మాటకు అర్థం తెలియదు, "వచ్చే ఉగాదికి" అన్నా తెలియదు. అందుకే అంకెలు కాకుండా కళ్లకు కనిపించేది కావాలి. గోడమీద క్యాలెండరు, రోజూ పడుకునేముందు ఒక గీత. ఒకే వేళకు వీడియో కాల్, అదీ మీ డ్యూటీని బట్టి కాకుండా పాప భోజనం వేళను బట్టి. ఆరేడు నెలలకు ఒకసారి సెలవు వస్తుందా అన్నది కాంట్రాక్టులో రాతపూర్వకంగా ఉండాలి, ఏజెంటు నోటిమాట చాలదు. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంట్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ ఏజెంటు నమోదయ్యాడో లేదో కూడా చూసుకోండి. పాపను రోజువారీ చూసుకోవాల్సిన మొదటి మనిషి మీ ఆయన కావాలి, అమ్మ తోడుండాలి. స్నానం, జడ, బడి, నిద్ర, ఇవన్నీ మీరు ఇంట్లో ఉండగానే కనీసం రెండు నెలలు ఆయన చేతికి మారాలి. అప్పుడు మీరు వెళ్లిన రోజున పాపకు పోయేది ఒక్కటే, తన ప్రపంచమంతా కాదు. మీరు తిరిగొచ్చిన రోజు పాప నాన్న వెనక దాక్కుంటే గుండె పగలగొట్టుకోకండి. దాని అర్థం ఏమిటో మీకంటే బాగా ఎవరికి తెలుసు?

మూడో దారి, ఏడాదిన్నర ఆగి వెళ్లడం. ఆరేళ్ల పిల్లకు రోజులు లెక్కపెట్టడం వస్తుంది, అలిగి మాట్లాడటం వస్తుంది, "ఎందుకెళ్లావు" అని అడగడం వస్తుంది. మీకు ఆ వయసులో అడగడానికి మనిషి ఎదురుగా లేదు. ఈ ఉద్యోగం అంతదాకా ఆగకపోవచ్చు, మీ వయసుకు ఇంకో అవకాశం వస్తుందో రాదో మీకే తెలుసు. మొదటి నుంచే కుటుంబాన్ని రానిచ్చే చోట జీతం కొంచెం తక్కువైనా సరే, వెతికి చూడటం వృథా కాదు. మీ ఆయన వెళ్లి మీరు ఉండే మార్గం గురించి ఉత్తరంలో ఒక్క మాట లేదు. అది కుదరదని తేలిపోయిందా, లేక మీ ఇంట్లో అప్పు తీర్చడానికి దేశం దాటేది ఆడవాళ్లేనని అలవాటైపోయి ఎవరూ ఎత్తలేదా? అడిగి చూడండి.

నా మనసులో మాట చెప్పాలంటే, ఈ మూడింటిలో ఏదైనా ఎంచుకోండి కానీ అమ్మతో మాట్లాడకముందు ఎంచుకోకండి. మీ ఇంట్లో నాలుగేళ్లు, పద్నాలుగేళ్లు, ముప్పై తొమ్మిదేళ్లు, అరవై రెండేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాయి. మనం పిల్లల ఎదుగుదల గురించే కంగారు పడతాం, అరవై రెండేళ్ల మనిషి కూడా లోపల ఇంకా ఎదుగుతూనే ఉందని మరిచిపోతాం. వయసు మళ్లినవాళ్లు పాత సంగతులు పదేపదే తవ్వుకోవడం చాదస్తం కాదని, బతికిన బతుకును సరిచూసుకునే పని అని రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ వైద్యుడు 1963లోనే రాశాడు. "పాపను నేను చూసుకుంటాలే, నువ్వు పో" అన్నప్పుడు మీకు వినిపించింది ఒకటి. ఆమె చెప్పింది ఇంకొకటి కావచ్చు. నిన్ను పెంచలేకపోయాను, నీ బిడ్డనైనా పెంచనీ అని. లేక, నేను వెళ్లి మిమ్మల్ని నిలబెట్టాను, అది తప్పు కాదని ఒక్కసారి ఒప్పుకో అని. నేను ఊహిస్తున్నాను, అంతే. అడిగితే తెలుస్తుంది.

"ఎందుకు వదిలేశావు" అని మొదలుపెడితే ఆమె సమాధానం చెప్పుకోవడంలో పడిపోతుంది. "అమ్మా, నేను నిద్రపోయాక ఆ రాత్రి నువ్వు ఎట్లా బయల్దేరినావు?" అని అడగండి. ఎవరు తోడొచ్చారు, ఏ బస్సు ఎక్కింది, బొంబాయిలో ఎన్ని రోజులు ఉంది, అక్కడి ఇంట్లో ఆమెకు పడుకోవడానికి చోటెక్కడ. ఇరవై ఆరేళ్ల అమ్మాయి, చదువు లేదు, భాష రాదు. ఇవి విన్నాక మీ కోపం పోవాలని నేను అనడం లేదు. ఆ తర్వాత మీ వంతు కూడా రావాలి. వాకిలి, అంగడి అబద్ధం, రెండోసారి వెళ్లిన రాత్రి, అవ్వ పోయినప్పుడు పక్కన ఎవరూ లేకపోవడం, అన్నీ చెప్పండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. ఏమీ మాట్లాడకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయే అవకాశం కూడా ఉంది. ఒక్క పూటలో అయ్యే పని కాదు, మూడు నెలలు ఉన్నాయి మీకు. అవ్వ ట్రంకుపెట్టెలో రెండు క్యాసెట్లు ఇంకా ఉన్నాయని, వినే ధైర్యం లేదని రాశారు. క్యాసెట్లను ఫోన్లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒంటరిగా వినకండి, అమ్మ పక్కన కూర్చుని వినండి.

ఇదంతా జరిగాక కూడా ఆమె చేతిలో పాపను పెట్టడానికి మీ మనసు ఒప్పుకోకపోతే, అది కూడా ఒక సమాధానమే. అప్పుడు వెళ్లకపోవడానికి మీకు భయం కాకుండా కారణం ఉంటుంది. ఒప్పుకుంటే, పాప ఎదురుగా పగటిపూట బయల్దేరండి, బ్యాగు సర్దడంలో పాపతో ఒక గౌను మడత పెట్టించండి.

అంతకంటే ముందు ఈ వారం చేయగలిగింది ఒకటుంది. నైట్ డ్యూటీ రోజున పాప నిద్రపోకముందే యూనిఫాం వేసుకుని పక్కన కూర్చోండి. "అమ్మ ఆసుపత్రికి వెళ్తోంది. నువ్వు నాన్న పక్కన పడుకుంటావు. నువ్వు లేచి పళ్లు తోముకునేసరికి వస్తాను" అని చెప్పండి. గట్టిగా ఏడుస్తుంది. మొదటి రెండు మూడు రోజులు ఇంకా ఎక్కువ ఏడుస్తుంది. మీ ఆయన చేతికిచ్చి, మాట మార్చకుండా, పరిగెత్తకుండా మెట్లు దిగండి. పొద్దున డ్యూటీ అప్పగించడం ఆలస్యమయ్యేలా ఉంటే ఇంటికి ఫోన్ చేసి పాపతోనే ఆ మాట చెప్పండి. వారం అయ్యాక పాప ఎలా ఉందో, మీరెలా ఉన్నారో నాకు రాయండి.